సముద్ర జీవుల నమోదుకు సొంత యాప్ కట్టుకోవాలా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: చెన్నైలోని తిరువాన్మియూర్, బెసెంట్ నగర్ ప్రాంతంలో ఉండే పన్నెండు మంది తెలుగువాళ్లు పొద్దున నడకలో కనిపించే తాబేళ్లు, జెల్లీ చేపలు, డాల్ఫిన్ల ఫొటోలు రెండేళ్లుగా వాట్సాప్ గ్రూపులో పెట్టుకుంటున్నారు. వాటిని శాస్త్రవేత్తలకు పనికొచ్చేలా చేయాలని ఉంది. గ్రూపులో ఇద్దరికి ప్రోగ్రామింగ్ వచ్చు. సొంత యాప్ కట్టుకోవాలా, ఉన్నవాటిలో ఏదైనా వాడాలా?

యాప్ కట్టకండి.

రాయడం మీవాళ్లకు కష్టం కాదు, రెండు మూడు నెలల్లో రాసేస్తారు. కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా లొకేషన్ అనుమతులు సరిచేయాలి, నెలనెలా సర్వర్ అద్దె కట్టాలి, రాసిన అబ్బాయికి వేరే ఊళ్లో ఉద్యోగం వస్తే ఆ కోడు ముట్టుకునేవాళ్లుండరు. యాప్ ఆగిన రోజున అందులోని రికార్డులూ మూలపడతాయి. అంతకన్నా పెద్ద లోటు, ఫొటో చూసి ఇది ఫలానా జాతి అని చెప్పగలిగే మనుషులు మీ యాప్‌లో ఉండరు. జీవుల ఫొటోలు పెట్టి పేర్లు తేల్చుకునే ఐనాచురలిస్ట్ అనే వేదికలో 2008 నుంచి అలాంటివాళ్లు పోగయ్యారు. ముంబైలో 2017లో మొదలైన మెరైన్ లైఫ్ ఆఫ్ ముంబై బృందం కూడా ఊరి తీరాల్లో జీవుల నమోదుకు దాన్నే వాడుకుంది.

మీకు కావలసినవి రెండే పనిముట్లు. కనిపించిన జీవి ఫొటో ఐనాచురలిస్ట్‌లోకి వెళ్లాలి. నడిచిన నడక లెక్క కోబోటూల్‌బాక్స్ (ఫోన్‌లో నింపే ఫారాలు తయారుచేసుకునే పనిముట్టు) ఫారంలోకి వెళ్లాలి. పక్షులు చూసేవాళ్లుంటే ఈబర్డ్ వేరుగా ఉంది, దాన్ని వీటితో కలపొద్దు. ప్రోగ్రామింగ్ వచ్చిన ఇద్దరినీ ఫారం తయారీకి, వారానికోసారి తప్పులు పట్టే చిన్న స్క్రిప్టుకు పెట్టండి. అక్కడ వాళ్ల అవసరం నిజంగా ఉంది.

రెండో పనిముట్టు ఎందుకో వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్త బృందాలన్నీ వదిలేసేది దాన్నే. జనవరిలో మీకు 8 తాబేలు కళేబరాలు కనిపించాయి, ఫిబ్రవరిలో 10 కనిపించాయి అనుకోండి. ఫిబ్రవరిలో ఎక్కువ చచ్చాయని గ్రూపులో అందరూ అంటారు. కానీ జనవరిలో నడిచింది 4 రోజులు, ఫిబ్రవరిలో 20 రోజులు అయితే? జనవరిలో నడకకు 2, ఫిబ్రవరిలో నడకకు అర. కథ తిరగబడింది. ఫొటోలు మాత్రమే ఉన్న రికార్డులో ఈ సంగతి ఎక్కడా ఉండదు, ఎందుకంటే ఏమీ కనిపించని పొద్దున ఎవరూ ఫొటో పెట్టరు. 2025 జనవరిలో చెన్నై తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ల కళేబరాలు వందల్లో కొట్టుకొచ్చాయి. అది మామూలు ఏడాదికి ఎన్ని రెట్లు అని లెక్క తేల్చాలంటే, మామూలు ఏళ్లలో కూడా ఎవరో ఒకరు అదే ఇసుక మీద అదే పద్ధతిలో నడిచి, ఏమీ లేని రోజు సున్నా అని రాసి ఉండాలి. చెన్నైలో 1988 నుంచి రాత్రులు తాబేళ్ల కోసం నడుస్తున్న స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్సర్వేషన్ నెట్‌వర్క్ లాంటి బృందాల విలువ అక్కడే ఉంది. రాత్రి నడకలు చేయాలనుకుంటే విడిగా మొదలుపెట్టకుండా వాళ్లతో కలిసి వెళ్లండి. గుడ్లు తీసి వాటిని పొదిగించే హేచరీకి మార్చడం అటవీ శాఖ అనుమతి ఉన్నవాళ్లే చేయాల్సిన పని. మీరు పొద్దున నడకకు కట్టుబడితే చాలు.

నడక ఇలా పెట్టుకోండి. పొడవు 2 కిలోమీటర్లు మించొద్దు, కదలని గుర్తుల మధ్య ఉండాలి. ఎలియట్స్ బీచ్‌లోని కార్ల్ ష్మిట్ స్మారకం మంచి మొదలు. రెండో చివర కూడా అలాగే ఒక కట్టడం చూసుకోండి. ఐస్‌క్రీం బండి, పడవ, చెట్టు గుర్తుగా పనికిరావు. వారానికి రెండు రోజులు, అవే రోజులు, సూర్యోదయం అయిన అరగంటలోపు మొదలుపెట్టాలి. ఆలస్యమైతే కార్పొరేషన్ వాళ్లు ఇసుక శుభ్రం చేసేస్తారు, కుక్కలు లాగేస్తాయి, జాడలు జనం తొక్కేస్తారు. ఇద్దరు నడవాలి: ఒకరు అలల అంచున, ఇంకొకరు పైన నాచు, చెత్త చేరిన గీత వెంబడి. ఆ పై గీతనే అందరూ నిర్లక్ష్యం చేస్తారు. నిన్నటి పోటుకు కొట్టుకొచ్చినవన్నీ అక్కడే ఉంటాయి.

కోబో ఫారంలో నడకకు ఉండాల్సినవి ఇవే: నడిచినవారి సంకేతం, మొదలైన సమయం, ముగిసిన సమయం, ఏ భాగం, ఎంతమంది, వెలుతురు, మొత్తం నడిచారా మధ్యలో ఆపారా, ఏమైనా కనిపించిందా లేదా. ‘లేదు’ నొక్కితే ఫారం అక్కడే అయిపోవాలి, అరనిమిషం కూడా పట్టకూడదు. సున్నా రాయడం తేలిక కాకపోతే మనుషులు రాయరు. ‘ఉంది’ నొక్కితే ఒక్కో జీవికి ఒక్కో చిన్న భాగం తెరుచుకోవాలి: ఏ రకం, బతికుందా చచ్చిందా, ఎన్ని, జీపీఎస్, ఫొటో. నలభై ప్రశ్నల ఫారం పెట్టకండి. మూడో వారానికి అందరూ వాట్సాప్‌కే తిరిగి వెళ్తారు.

ఆండ్రాయిడ్‌లో ఆ ఫారం నింపే కోబోకలెక్ట్ యాప్ సిగ్నల్ లేకపోయినా నడుస్తుంది. ఐఫోన్ ఉన్నవాళ్లు అదే ఫారాన్ని బ్రౌజర్‌లో తెరిచి నింపవచ్చు. ఒకే ఫారంలో తెలుగు, తమిళం, ఇంగ్లీషు లేబుళ్లు మూడూ పెట్టవచ్చు, తప్పకుండా పెట్టండి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ప్రతి ఎంపికకూ తెర మీద కనిపించే మాట ఒకటి, లోపల దాచే కోడు ఒకటి ఉంటాయి. తెర మీది మాట ఎప్పుడైనా మార్చుకోండి. లోపలి కోడు మాత్రం ఒకసారి పెట్టాక మార్చొద్దు. మారిస్తే పాత రికార్డులు ఒక పేరుతో, కొత్తవి ఇంకో పేరుతో రెండుగా విడిపోతాయి, ఏడాది చివర ఎవరికీ అర్థం కాదు. అక్షాంశానికి 12.5 నుంచి 13.6 మధ్య మాత్రమే ఒప్పుకునేలా హద్దు పెట్టండి. మహాబలిపురం నుంచి పులికాట్ దాకా అందులో వస్తుంది. చేత్తో టైపు చేసేటప్పుడు అక్షాంశం, రేఖాంశం తారుమారైతే చెన్నై తాబేలు 80 డిగ్రీల ఉత్తరాన, ఆర్కిటిక్‌లో స్వాల్‌బార్డ్ దగ్గర తేలుతుంది. హద్దు పెడితే ఫారమే ఆపుతుంది. ఇంకొకటి, నింపిన ఫారం ‘పంపు’ నొక్కేదాకా ఫోన్‌లోనే ఉంటుంది. ఇంటికి రాగానే వైఫైలో పంపే అలవాటు లేకపోతే, ఫోన్ పోయిన రోజున నెల రోజుల నడకలు పోతాయి.

ఇక కళేబరం దగ్గర. చెన్నైలో డిసెంబరు చివర నుంచి ఏప్రిల్ దాకా మీకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే కాబట్టి నిదానంగా చెబుతాను. ఒకటి రెండు అడుగుల దూరంలో నిలబడండి, ముట్టుకోవద్దు. ఆలివ్ రిడ్లే వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో మొదటి షెడ్యూల్‌లో ఉంది. చచ్చినదైనా ఎముక ముక్కో డిప్ప ముక్కో ఇంటికి తీసుకెళ్లడం నేరం. తిమింగలాలు, డాల్ఫిన్లు, కడలి ఆవు (డ్యుగాంగ్), 2001 నుంచి తిమింగల సొర, వీటన్నిటికీ అంతే.

మొదటి ఫొటో పైనుంచి నేరుగా, డిప్ప అంతా ఫ్రేములో పడేలా. తీసేటప్పుడు మీ నీడ దాని మీద పడనివ్వకండి. ఆ ఫొటోలో లెక్కపెట్టాల్సింది వెన్ను గీతకు రెండు పక్కలా ఉండే పలకల్ని. ఆలివ్ రిడ్లేకు ఒక్కో పక్క 5 నుంచి 9 దాకా ఉంటాయి, ఎక్కువ వాటికి 6 లేదా అంతకు పైన, పైగా కుడి ఎడమలు సమానంగా ఉండకపోవచ్చు. పచ్చ తాబేలుకూ హాక్స్‌బిల్‌కూ రెండు పక్కలా నాలుగేసి. రెండో ఫొటో తల మీద, కళ్ల మధ్య పొలుసులు కనిపించేలా: పచ్చ తాబేలుకు అక్కడ ఒకే జత, హాక్స్‌బిల్‌కు రెండు జతలు. అసలు పలకలే లేకుండా తోలులా ఉండి వీపు పొడవునా గట్లు ఉంటే అది లెదర్‌బ్యాక్. ఫొటోలు తీస్తూనే అటవీ శాఖకు ఫోన్ చేయించండి, మన దగ్గర అది అరుదైన సంగతి. తర్వాత కుడి పక్క, ఎడమ పక్క, తోక, నాలుగు తెడ్డుకాళ్లు. తోక డిప్ప దాటి బాగా బయటికి వస్తే పెద్ద మగది. తెడ్డుకాళ్లకు లోహపు ట్యాగు ఉందేమో ప్రతిసారీ చూడాలి. 2021లో ఒడిశాలో ట్యాగు వేసిన ఒక ఆలివ్ రిడ్లే 2025 జనవరిలో మహారాష్ట్రలోని గుహాగర్ ఇసుకలో గుడ్లు పెడుతూ కనిపించింది. తూర్పు తీరపు తాబేలు పడమటి తీరానికి వెళ్లి గుడ్లు పెడుతుందని తెలిసింది అక్కడెవరో ఆ నంబరు చూసి రాసుకున్నందుకే. నంబరు ఫొటో తీయండి, పక్కనే కాగితం మీద కూడా రాయండి. తుప్పు పట్టిన లోహం మీద ఫొటోలో 3, 8 ఒకేలా కనిపిస్తాయి.

పొడవు కొలవాలంటే 150 సెంటీమీటర్ల దర్జీ టేపు చాలు. మెడ వెనక డిప్ప అంచు మధ్య నుంచి తోక దగ్గరి అంచు దాకా, వంపు వెంబడి. పెరిగిన ఆలివ్ రిడ్లే సాధారణంగా 60 నుంచి 70 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. 95 వచ్చిందంటే టేపు తప్పు పట్టుకున్నారు, లేదా జాతి తప్పు. కొలవడానికి కూడా ముట్టుకోవాలి కాబట్టి ముందే అటవీ శాఖ రేంజి ఆఫీసుకు ఒక ఉత్తరం ఇచ్చి అనుమతి తీసుకోండి. చేతి తొడుగులు తప్పనిసరి. అనుమతి రాకపోతే పక్కన టేపు పరిచి ఫొటో తీసినా పని జరుగుతుంది.

కుళ్లిన స్థితికి ఐదు అంకెల పద్ధతి వాడండి: 1 బతికున్నది, 2 అప్పుడే చచ్చినది, 3 ఉబ్బి, వాసన మొదలైనది, 4 బాగా కుళ్లి తోలు ఊడుతున్నది, 5 ఎండిపోయి డిప్ప, ఎముకలు మిగిలినది. ఇది రాయకపోతే ఆ తాబేలు నిన్న చచ్చిందో పది రోజుల కిందట చచ్చిందో, దగ్గర్లోనో దూరంలోనో ఎవరూ అంచనా వేయలేరు.

‘ట్రాలర్ వలలో పడి చచ్చింది’ అని మాత్రం రాయకండి. మీకు కనిపించింది రాయండి: మెడ చుట్టూ నైలాన్ దారం, డిప్ప మీద సమాంతరంగా మూడు కోతలు, కళ్లు ఉబ్బి బయటికి రావడం. కారణం చెప్పడం పోస్ట్‌మార్టం చేసేవాళ్ల పని. ఊహ రాసిన రికార్డు రేపు ఎవరైనా వివాదంలోకి లాగితే నిలబడదు, దానితోపాటు మీ మిగతా రికార్డుల పరువూ పోతుంది.

ఒకే కళేబరాన్ని నలుగురు నాలుగు రోజులు లెక్కపెట్టడం ఇంకో పెద్ద తప్పు. కొన్నిచోట్ల లెక్క అయిన కళేబరానికి రంగు పూస్తారు, అదీ అనుమతి ఉంటేనే. అనుమతి లేకపోతే పై నుంచి తీసిన ఫొటోయే గుర్తింపు కార్డు. కుడి 6, ఎడమ 7 పలకలు, ఎడమ ముందు తెడ్డు సగం లేదు, పొడవు 66: ఇంత వివరం ఉంటే మర్నాడు చూసింది అదో కాదో రెండు నిమిషాల్లో తేలుతుంది. ఫారంలో ‘ఇంతకుముందు చూసిందే’ అనే ఎంపిక తప్పక ఉండాలి.

చిన్న జీవులకు కొలత కోసం పది రూపాయల నాణెం పక్కన పెట్టండి, అడ్డంగా 27 మిల్లీమీటర్లు ఉంటుంది. కానీ నీలంగా మెరిసేవాటికి దగ్గరగా చేయి పెట్టొద్దు. బుడగలా గాలి నిండి పొడవాటి నీలి తీగలున్నది ఫిసేలియా, గుండ్రటి నీలి బొత్తాంలా ఉండేది పోర్పిటా. 2023 డిసెంబరులో తుపాను తర్వాత బెసెంట్ నగర్ ఇసుక మీద కనిపించిన నీలి డ్రాగన్, అంటే గ్లాకస్, మూడు సెంటీమీటర్లే ఉంటుంది. అది ఫిసేలియాను తిని దాని కుట్టే కణాలను తన ఒంట్లో దాచుకుంటుంది. ఇవన్నీ చచ్చాక కూడా కుడతాయి. నాణాన్ని చీపురు పుల్లతో జరపండి. పిల్లలు వెంట ఉంటే ముందే చెప్పండి. తోక తెడ్డులా అణిగి ఉన్న పాము సముద్రపు పాము. అది కదలకపోయినా బతికున్నట్టే లెక్క, రెండు మీటర్ల దూరం నుంచే ఫొటో. జెల్లీ చేపలకు పై గొడుగు ఒక్కటే తీస్తే జాతి తేలదు. కింద వేలాడే భాగాలు కూడా కనిపించే ఫొటో కావాలి.

వాట్సాప్ గురించి. వాట్సాప్‌లో ఫొటో పంపితే లోపల దాగి ఉండే సమయం, జీపీఎస్ రెండూ ఊడిపోతాయి, బొమ్మ కూడా నలిగిపోతుంది. ఎవరో పంపింది మీరు ఐనాచురలిస్ట్‌లో పెడితే డౌన్‌లోడ్ అయిన రోజే తేదీగా పడే ప్రమాదం ఉంది. పంపక తప్పకపోతే ‘డాక్యుమెంట్’గా పంపించమనండి, అప్పుడు అసలు ఫైలు వస్తుంది. ఇంకా మంచిది, తీసినవాళ్లే తమ ఖాతా నుంచి పెట్టడం. చాలా ఫోన్లలో కెమెరాకు లొకేషన్ ఆపి ఉంటుంది, మొదటి నడక ముందే పన్నెండు ఫోన్లూ తెరిచి చూసుకోండి. పెద్ద కెమెరా వాడేవాళ్లు నడక మొదట్లో ఫోన్ తెర మీది గడియారాన్ని ఒక ఫొటో తీసుకుంటే, కెమెరా సమయం ఎన్ని నిమిషాలు తేడాగా ఉందో తర్వాత సరిచేయవచ్చు. రెండేళ్లుగా గ్రూపులో పోగైన పాత ఫొటోల విషయంలో తొందరపడొద్దు. అసలు ఫైలు ఇంకా ఫోన్‌లో ఉన్నవాటిని మాత్రమే ఎక్కించండి, మిగతావి వదిలేయండి. తేదీ గుర్తున్నంత వరకు వేద్దాంలే అనుకుంటే తప్పు తేదీతో ఒక తాబేలు ప్రపంచమంతా తిరుగుతుంది.

ఐనాచురలిస్ట్‌లో ఒక రికార్డుకు ఒకే జీవి. తాబేలు, పక్కనున్న పీత రెండూ వేయాలంటే ఆ ఫొటోనే రెండుసార్లు పెట్టండి. తేదీ, చోటు, ఫొటో ఉండి, కనీసం ఇద్దరు చెప్పిన పేరు కుదిరి, పేరు చెప్పినవాళ్లలో మూడింట రెండు వంతులకు మించి ఒప్పుకుంటే అది రీసెర్చ్ గ్రేడ్, అంటే పరిశోధనకు పనికొచ్చే స్థాయి, అవుతుంది. సీసీ బై ఎన్‌సీ (పేరు చెప్పి, వ్యాపారానికి కాకుండా వాడుకోవచ్చు) లాంటి లైసెన్సు ఉంటే అక్కడి నుంచి జీబిఫ్ అనే ప్రపంచ జీవ వైవిధ్య భాండాగారంలోకి వెళ్తుంది. ‘అన్ని హక్కులూ నావే’ అని పెట్టుకుంటే వెళ్లదు. సెట్టింగుల్లో ఒకసారి చూసుకోండి.

మీ గ్రూపును ఒక విషయంలో గట్టిగా కట్టడి చేయండి: స్నేహితుడు పెట్టాడని గుడ్డిగా ‘అగ్రీ’ నొక్కడం. యాప్ సూచించిన పేరుకు ఒకరు సరే అని, ఇంకొకరు మొహమాటానికి అగ్రీ అంటే, తప్పు పేరు రీసెర్చ్ గ్రేడ్ ముద్రతో జీబిఫ్‌కి చేరుతుంది. మీకు మీరుగా ఆ గుర్తులు చూసి చెప్పగలిగితేనే నొక్కండి. డాల్ఫిన్లలో ఇది మరీ ముఖ్యం. దూరాన ఒక రెక్క కనిపిస్తే యాప్ బాటిల్‌నోస్ అంటుంది, మన తీరంలో ఇండో-పసిఫిక్ బాటిల్‌నోస్, మూపు (హంప్‌బ్యాక్) డాల్ఫిన్, స్పిన్నర్ మూడూ తిరుగుతాయి. వీపు రెక్కే లేకపోతే అది ఫిన్‌లెస్ పోర్పాయిస్ కావచ్చు. నమ్మకం లేనప్పుడు ‘డాల్ఫిన్’ స్థాయిలోనే ఆపేయడం మర్యాద.

తాబేళ్లు గుడ్లు పెట్టిన గూళ్ల చోటు దాచాలి. ఆపదలో ఉన్న జాతులకు ఐనాచురలిస్ట్ చాలాసార్లు తనంతట తానే చోటు మసకబారుస్తుంది: అసలు బిందువు బదులు 0.2 డిగ్రీల గడి, అంటే దాదాపు 22 కిలోమీటర్ల చదరంలో ఎక్కడో ఒక చుక్క చూపిస్తుంది, తేదీ కూడా నెల వరకే బయటికి తెలుస్తుంది. కానీ మీరు మొదట ‘తాబేలు’ అని మాత్రమే పేరు పెడితే, జాతి తేలేదాకా ఆ రక్షణ రాకపోవచ్చు. అందుకే గూడు, జాడ, బతికున్న తాబేలు మూడింటికీ మీ చేత్తోనే ‘అబ్‌స్క్యూర్డ్’ పెట్టండి. వెనక అపార్ట్‌మెంట్ పేరు కనిపించే ఫొటో వేస్తే ఇదంతా వృథా. ఇన్‌స్టాగ్రామ్‌లో అదే పొద్దున పెట్టేస్తే అంతకన్నా వృథా.

ఒడ్డు నుంచి డాల్ఫిన్లు చూసినప్పుడు జీపీఎస్ చెప్పేది మీరు నిలబడ్డ చోటు, జంతువున్న చోటు కాదు. ఫోన్‌లోని దిక్సూచితో దిశ డిగ్రీల్లో రాయండి (ఇనుప రెయిలింగుకు, కారుకు దూరంగా నిలబడి), దూరం ‘300 నుంచి 600 మీటర్లు’ అని రెండు అంకెల మధ్య రాయండి. ఒకే అంకె రాస్తే కొలిచినట్టుంటుంది. కంటి ఎత్తు కూడా కావాలి. మీటర్లలో ఎత్తుకు వర్గమూలం కట్టి 3.57తో గుణిస్తే దిగంతం ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. ఇసుక మీద నిలబడ్డ మనిషి కంటికి నాలుగున్నర, 10 మీటర్ల ఎత్తు మేడ మీద నుంచి 11. ఇసుక మీద నిలబడి 6 కిలోమీటర్ల దూరంలో నీటి మట్టాన డాల్ఫిన్లను చూశామంటే ఆ దూరం తప్పు. మ్యాపులో గుర్తు మీరున్న చోటే పెట్టి, ఖచ్చితత్వపు వలయాన్ని జంతువు లోపల పడేంత పెద్దది చేయండి. ఫొటో తీసే వీలుంటే వీపు రెక్కకు నేరుగా పక్కనుంచి తీయాలి. రెక్క వెనక అంచున ఉండే కోతలు, గీతలు ఒక్కో దానికి ఒక్కోలా ఉంటాయి. తిమింగల సొరకైతే మొప్పల వెనక ఎడమ పక్కన ఉండే చుక్కలు కావాలి. షార్క్‌బుక్ అనే వేదిక ఆ చుక్కల అమరికతోనే ఒక్కో సొరను గుర్తుపడుతుంది. అందుకు మొదట తీసుకున్న గణిత పద్ధతి ఆకాశంలో నక్షత్రాల ఫొటోలను పోల్చడానికి పుట్టింది.

చెన్నై చేపల రేవు కాశిమేడు మాట మీరడగలేదు, కానీ అక్కడికి వెళ్లాలి. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి బోట్లలో పనిచేసే తెలుగువాళ్లు అక్కడున్నారు, భాష మీకున్న పెద్ద అనుకూలం. లోపలి సముద్రంలో ఏముందో చెప్పగలిగేది వాళ్లే. మొదటి రోజు ఫారం తీయకండి. వలలో తాబేలు పడిందని చెబితే కేసవుతుందని భయం ఉంటుంది, ఆ భయం న్యాయమైనదే. అందుకే ఫారంలో మనిషి పేరు, బోటు నంబరు అడిగే గడే ఉండకూడదు. లోతు మీటర్లలో అడగొద్దు, ‘ఎన్ని బారలు’ అని అడగండి, బార 1.83 మీటర్లుగా మీరే మార్చుకోండి. చేపకు వాళ్లు చెప్పిన పేరు చెప్పినట్టే ఒక గడిలో రాయండి. సొర (షార్క్), టేకు (రే చేప) అన్న ఒక్కో మాట కింద ఎన్నో జాతులుంటాయి, మీరు అక్కడికక్కడే శాస్త్రీయ నామానికి మార్చేస్తే ఆ మాట పోతుంది, తప్పు దిద్దే దారీ పోతుంది.

బోటు జీపీఎస్ దగ్గర ఒక ఉచ్చు ఉంది. దాని తెర మీద 13 డిగ్రీల 07.5 నిమిషాలు అని ఉంటే చాలామంది 13.075 అని రాసుకుంటారు. నిమిషాలను 60తో భాగించాలి. 7.5 ని 60తో భాగిస్తే 0.125, కాబట్టి 13.125. తేడా అయిదున్నర కిలోమీటర్లు. తెరను ఫొటో తీసుకుని ఇంటికొచ్చి మార్చుకోండి.

పట్టికలు రెండే ఉంచండి: నడకకో వరుస ఒకటి, జీవికో వరుస ఇంకొకటి, రెండిటినీ కలిపేది నడక సంఖ్య. తేదీ 2025-02-03 లాగే రాయాలి. 03/02/2025 అని ఉంటే ఎక్సెల్ ఒక కంప్యూటర్‌లో ఫిబ్రవరి 3 అంటుంది, ఇంకోదాంట్లో మార్చి 2. తెలుగు అక్షరాలున్న సీఎస్‌వీని (కామాలతో విడదీసిన పట్టిక ఫైలు) నేరుగా రెండుసార్లు నొక్కి ఎక్సెల్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు రావచ్చు. డేటా దిగుమతి దారిలో అక్షరాల కోడుగా యూటీఎఫ్-8 ఎంచుకుని తెరవండి, పిచ్చి గుర్తులతో సేవ్ చేసేయకండి. అర్ధరాత్రి దాటాక దొరికిన గూడుకు రెండు తేదీలు కావాలి, గడియారం చెప్పే తేదీ, నడక మొదలైన రాత్రి తేదీ. కొన్ని పనిముట్లు సమయాన్ని గ్రీన్‌విచ్ లెక్కలో దాస్తాయి. మన తెల్లవారుజామున 2 గంటలు అక్కడ ముందు రోజు రాత్రి 8:30. మీ స్క్రిప్టు మొదట పట్టాల్సిన తప్పు ఇదే. శాస్త్రీయ నామాల అక్షరాలు సరిచూడడానికి వర్మ్స్ అనే ప్రపంచ సముద్ర జీవుల పట్టిక ఉంది. మీ జాబితా మొత్తం ఒకేసారి పోల్చుకోవచ్చు.

గడుల పేర్లు మొదటి రోజు నుంచే డార్విన్ కోర్ (జీవుల రికార్డుల్లో గడుల పేర్లకు ఉన్న ప్రమాణం) పద్ధతిలో పెట్టుకుంటే ఏడాది చివర పని సగం తగ్గుతుంది. సముద్ర జీవుల ప్రపంచ భాండాగారం ఓబిస్, దాని భారతీయ శాఖ ఇండోబిస్, జీబిఫ్ అన్నీ ఆ భాషే మాట్లాడతాయి. పంపేటప్పుడు ఐనాచురలిస్ట్‌లో ఉన్న జీవులను మళ్లీ కొత్త రికార్డులుగా పంపొద్దు, ఒకే తాబేలు రెండవుతుంది. ఐనాచురలిస్ట్ లింకును మీ వరుసలో ఒక గడిలో ఉంచి, సున్నాలతో సహా నడకల పట్టికను పంపండి. వాళ్ల దగ్గర లేనిది అదే. ఒడ్డుకొచ్చిన డాల్ఫిన్, తిమింగలం సంగతి మాత్రం ఏడాది ఆగకూడదు. అదే రోజు అటవీ శాఖకు చెప్పి, మెరైన్ మామల్ రీసెర్చ్ అండ్ కన్సర్వేషన్ నెట్‌వర్క్ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్‌లో కూడా నమోదు చేయండి. అది బతికే ఉంటే తోక పట్టి లాగొద్దు, హడావుడిగా నీళ్లలోకి తోసేయొద్దు. పొట్ట కిందికి ఉండేలా బోర్లా ఉంచి, తడిగుడ్డ కప్పి, నెత్తి మీది ఊపిరి రంధ్రానికి గుడ్డా నీళ్లూ తగలకుండా చూస్తూ, జనాన్ని దూరంగా ఉంచండి. రేంజి ఆఫీసు నంబరు పన్నెండు ఫోన్లలోనూ ముందే ఉండాలి.

తాబేళ్ల కాలం అయిపోగానే ఏప్రిల్‌లో నడకలు ఆపేద్దామని గ్రూపులో ఎవరో ఒకరు అంటారు. ఆపొద్దు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేట నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో ఇసుక మీదికి ఏమొచ్చిందో, ఏం రాలేదో పక్కన ఉంటేనే మిగతా పది నెలల అంకెలను దేనితోనైనా పోల్చగలరు. ఎండ ముదురుతుంది కాబట్టి నడక ఐదున్నరకే మొదలుపెట్టుకోండి. అప్పటికి వెలుతురు సరిపోతుంది. మారిన సమయం మాత్రం ఫారంలో పడాలి.